వరద పేజీలో గ్రాఫ్ వేలితో కదలాలా, బొమ్మ పెడితే చాలా?

గట్టుమీద_కుర్రాడు
అందరికీ నమస్కారం. భద్రాచలం దగ్గర గోదావరి నీటిమట్టం చూపించే చిన్న సైట్ ఒకటి మేం నలుగురం కలిసి నడుపుతున్నాం. జూలై, ఆగస్టుల్లో గంటగంటకీ అంకెలు ఎక్కిస్తాం. ఇప్పుడు ఉన్నది ఒక పట్టిక, దాని కింద ఒక గ్రాఫ్ బొమ్మ, అంతే. ఈసారి ఆ గ్రాఫ్‌ని మార్చాలని ఉంది. గీత మీద వేలు పెడితే ఆ గంటకి ఎన్ని అడుగులో కనిపించాలి, తేదీలు వెనక్కి జరపగలగాలి, 1986 వరదనీ 2022 వరదనీ పక్కపక్కన పెట్టి చూసుకోగలగాలి.

మాలో ఇద్దరం పెట్టాల్సిందే అంటున్నాం. మిగతా ఇద్దరూ "వరద రోజు జనానికి కావాల్సింది ఒక్క అంకె, నీ ఆటబొమ్మ కాదు" అంటున్నారు. మాలో మాకు తేలలేదు, అందుకే ఇక్కడికి తెచ్చాను. మీరైతే ఏం చేస్తారు? గ్రాఫ్ గీయడానికి ఏ లైబ్రరీ (రెడీమేడ్ కోడ్) వాడతారు?

కూనవరం_రోడ్డు
ఆ మిగతా ఇద్దరికీ నా ఓటు.

మాది శబరి పక్కన ఊరు. 2022 జూలైలో భద్రాచలంలో 71.3 అడుగులు వచ్చినప్పుడు మాకు కరెంటు లేదు, ఫోన్‌లో సిగ్నల్ ఒక గీత కనిపిస్తే అదే పండగ. ఆ రోజుల్లో మాకు కబురు అందింది వాట్సాప్ ఫొటోలతోనే. ఎవరో స్క్రీన్‌షాట్ తీసి పెడితే అది పది గ్రూపులు తిరిగి మా దాకా వచ్చేది. మీ కదిలే గ్రాఫ్‌ని ఫార్వర్డ్ చేసేదెలా తమ్ముడూ? లింకు పంపితే తెల్ల పేజీ తిరుగుతూ కూర్చుంటుంది. బొమ్మ ఒకసారి దిగిందంటే ఇక నెట్ ఉన్నా లేకపోయినా అది నా దగ్గరే ఉంటుంది.

మాకు తెలియాల్సింది మూడు గీతలు. 43 మొదటి హెచ్చరిక, 48 రెండోది, 53 మూడోది. నీళ్లు ఇప్పుడు ఏ గీత దగ్గర ఉన్నాయి, పెరుగుతున్నాయా, తగ్గుతున్నాయా. దీనికి వేలు పెట్టి వెతుక్కునే పనేంటి?

డేటా_పిచ్చోడు
కూనవరం అన్నా, వరద నడుస్తున్న ఆ నాలుగు రోజుల గురించి మీరు చెప్పింది నిజం. కానీ ఆ పేజీ మిగతా ఏడాదంతా కూడా ఉంటుంది కదా.

బొమ్మ అనేది గీసినవాడు ముందే అనుకున్న ఒక ప్రశ్నకి జవాబు. ఎటపాకలో ఉన్నాయనకి వేరే ప్రశ్న ఉంటుంది: "2022లో మా వీధి మొగలోకి నీళ్లు వచ్చింది ఫలానా రోజు పొద్దున, అప్పుడు భద్రాచలంలో ఎన్ని అడుగులు?" ఆ అంకె దొరికితే వచ్చే ఏడు ఆయన ఎప్పుడు ఇల్లు ఖాళీ చేయాలో ఆయనే లెక్కేసుకుంటాడు. ఇలా ఒక్కో ఊరికీ ఒక్కో బొమ్మ ఎవరు గీస్తారు?

కరోనా కేసుల లెక్కలు చూపించిన కోవిడ్19ఇండియా సైట్ గుర్తుందా? 2020 మార్చిలో వాలంటీర్లు మొదలుపెట్టి 2021 అక్టోబర్ చివరిదాకా నడిపారు. జనం అందులో దేశం మొత్తం లెక్క ఒకసారి చూసి, వెంటనే తమ రాష్ట్రం, తమ జిల్లా నొక్కేవాళ్లు. మా నాన్న స్మార్ట్‌ఫోన్‌లో ఫొటో జూమ్ చేయడం కూడా రాని మనిషి, ఆయనా జిల్లా నొక్కి చూసేవాడు. మనది అనిపిస్తే ఎవరైనా వేలు పెడతారు.

న్యూస్‌రూమ్_అక్క
నేను పన్నెండేళ్లుగా ఒక పత్రిక వెబ్ విభాగంలో గ్రాఫిక్స్ చేస్తున్నాను, కాస్త పెద్దగానే రాస్తాను, ఏమనుకోవద్దు.

2016లో స్పెయిన్‌లో జరిగిన మాలోఫియే అనే వార్తా గ్రాఫిక్స్ సదస్సులో న్యూయార్క్ టైమ్స్ గ్రాఫిక్స్ ఎడిటర్ ఆర్చీ సే ఒక మాట చెప్పాడు. పాఠకుడికి స్క్రోల్ చేయడం తప్ప ఇంకేమీ చేయాలని ఉండదు. క్లిక్ చేయించావంటే దానికి తగ్గ అద్భుతం ఏదో కనిపించాలి. ఇక టూల్‌టిప్‌లో (వేలు పెడితే వచ్చే చిన్న పెట్టెలో) పెట్టిన సంగతి ఎవరూ చూడరనే అనుకుని పని చేయి. ప్రపంచంలోనే గొప్పగా ఇంటరాక్టివ్‌లు (ముట్టుకుంటే స్పందించే గ్రాఫిక్స్) చేసే వాళ్ల నోటి నుంచి ఈ మాట వచ్చేసరికి మా ఫీల్డ్‌లో గగ్గోలు పుట్టింది. అదే టీమ్‌లో పనిచేసిన గ్రెగర్ ఐష్ (చార్టులు గీసిపెట్టే డేటావ్రాపర్‌ని మొదలుపెట్టిన వాళ్లలో ఒకడు) తర్వాత దీనికి ఎదురు వాదన రాశాడు. ఎక్కువమంది నొక్కరు, నిజమే, అయినా నొక్కే ఆ కొద్దిమందికి అది అవసరం అన్నది ఆయన పక్షం.

నా అనుభవం ఈ ఇద్దరి మధ్యా ఊగుతూ ఉంటుంది. ఒకసారి ఎన్నికల ఫలితాలకి నెల రోజులు కూర్చుని ఒకటి చేశాను. నియోజకవర్గం నొక్కితే పాత ఫలితాలన్నీ విచ్చుకుంటాయి. క్లిక్కుల లెక్క చూశాక రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. జనం చూసింది పైనున్న పెద్ద అంకెని, కాపీ చేసి పంపుకున్నదీ దాన్నే.

అప్పటి నుంచి నాకు ఒకటే పట్టింపు: ముట్టుకోకుండానే అసలు సంగతి కనిపించాలి. 43, 48, 53 గీతల పేర్లు గ్రాఫ్ మీదే రాసి ఉండాలి, ఇప్పటి మట్టం గీత చివరనే పెద్దక్షరాల్లో ఉండాలి. ఆ తర్వాత మీ ఇష్టం, వేలు పెట్టనివ్వండి.

గట్టుమీద కుర్రాడు గారూ, ఒక ప్రశ్న. 1986కి గంటగంట అంకెలు మీ దగ్గర ఉన్నాయా?

గట్టుమీద_కుర్రాడు
లేవక్కా. గరిష్ఠం 75.6 అడుగులు, అదొక్కటే ఉంది. అటూ ఇటూ రోజులకి పాత పేపర్ల నుంచి నాలుగైదు అంకెలు ఏరాం.

న్యూస్‌రూమ్_అక్క
అదే నా భయం. నాలుగైదు చుక్కలిస్తే లైబ్రరీ వాటిని కలిపి ముచ్చటైన గీత గీసేస్తుంది, దాని మీద వేలు పెడితే ఏ గంటకైనా ఏదో ఒక అంకె చెప్పేలా కూడా చేసుకోవచ్చు. చూసేవాడు దాన్ని నిజంగా కొలిచిన అంకె అనుకుంటాడు. బొమ్మలో ఈ మోసం ఇంత నమ్మకంగా ఉండదు. 1986కి 75.6 దగ్గర ఒక అడ్డగీత, 1990కి 70.8 దగ్గర ఇంకోటి గీసి పేరు రాయండి, చాలు. గంటల అంకెలు ఉన్న సంవత్సరాలకే గీతలు.

డేటా_పిచ్చోడు
ఇది ఒప్పుకుంటాను. దీనికి తోడు ఒకటి: గీతని నున్నగా వంచే సెట్టింగ్ ముట్టుకోకండి. రెండు చుక్కల మధ్య వంపు తిరిగేటప్పుడు గీత అసలు గరిష్ఠం కంటే పైకి పోయే అవకాశం ఉంది. 52.8 దగ్గర ఆగిన నీళ్లు గ్రాఫ్‌లో 53 దాటినట్టు కనిపిస్తే ఊళ్లో ఏమవుతుందో ఆలోచించండి. చార్ట్.జేఎస్ అనే గ్రాఫ్ లైబ్రరీలో ఆ సెట్టింగ్ పేరే టెన్షన్. సున్నాలోనే ఉంచండి, మీకూ టెన్షన్ ఉండదు.

అంకె రాని గంటలకి ఖాళీ వదలండి, ముందుదాన్నీ తర్వాతదాన్నీ కలపొద్దు.

లంక_పిల్ల
మీరంతా భద్రాచలం దగ్గరే ఆగిపోయారు. మా కోనసీమ లంకల వాళ్లకి ధవళేశ్వరం కావాలి. భద్రాచలంలో చూసిన నీళ్లు మాకు తర్వాత వస్తాయి, రెండూ ఒకే గ్రాఫ్‌లో ఉంటే ఎంత టైం ఉందో మాకు తెలుస్తుంది. ఎడమవైపు భద్రాచలం అడుగులు, కుడివైపు ధవళేశ్వరం అడుగులు. పెట్టండి ప్లీజ్.

న్యూస్‌రూమ్_అక్క
అమ్మాయ్, నువ్వు అడిగింది న్యాయమే కానీ అలా మాత్రం వద్దు. భద్రాచలంలో మొదటి హెచ్చరిక 43 అడుగులు, ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75. రెండు కొలతలు రెండు వైపులా పెట్టి ఒకదాని మీద ఒకటి గీస్తే, ఆ గీతలు ఎక్కడ కలుసుకుంటాయన్నది నది చేతిలో ఉండదు, గీసేవాడి చేతిలో ఉంటుంది. కలిసిన చోట ఏదో జరిగిందని చూసేవాళ్లు అనుకుంటారు.

పైన ఒకటి, కింద ఒకటి, రెంటికీ ఒకే తేదీల వరస. పై దాంట్లో వేలు పెట్టిన గంటకే కింద కూడా నిలువు గీత రావాలి. చూశావా, నేనే ఇంటరాక్టివ్ అడుగుతున్నాను.

లంక_పిల్ల
ధవళేశ్వరానికి అడుగులతో పాటు క్యూసెక్కులు కూడా రాయండి మరి. మా ఇంట్లో "పది లక్షలు దాటిందా, పదమూడా" అనే అడుగుతారు. పదిహేడు అంటే మూడో హెచ్చరిక, మా తాతయ్య అడుగుల సంగతే ఎత్తడు.

పాత_ఫ్లాష్_చేయి
పాతికేళ్ల నుంచి వెబ్‌సైట్లు కడుతున్నాను. మీరు అడగని ప్రశ్న ఒకటుంది: ఇది ఎన్నాళ్లు బతుకుతుంది?

ఒకప్పుడు కదిలే చార్టు అంటే ఫ్లాష్, బ్రౌజర్‌కి విడిగా తగిలించుకునే సాఫ్ట్‌వేర్. ఒక ఆఫీసుకి వర్షపాతం చార్టులు ముప్ఫై దాకా ఫ్లాష్‌లో చేసిచ్చాను. అంకెలన్నీ ఆ ఫైళ్ల లోపలే ఉన్నాయి. 2020 డిసెంబర్ 31తో ఫ్లాష్ కథ ముగిసింది. ఆఫీసు వాళ్లు పట్టించుకోలేదు, నేనూ గట్టిగా చెప్పలేదు, తప్పు సగం నాదే. ఇప్పుడా పేజీల్లో ముప్ఫై బూడిదరంగు పెట్టెలు ఉన్నాయి. అదే సైట్‌లో అంతకు ముందు ఎవరో పెట్టిన మామూలు బొమ్మలు ఈ రోజుకీ తెరుచుకుంటున్నాయి.

అందుకని ఇంకొకరి సర్వర్ మీద నడిచే చార్టు పెట్టకండి. గూగుల్ చార్ట్స్ ఉచితమే, కానీ దాన్ని దించి మన దగ్గర పెట్టుకోనివ్వరు. వాళ్లదే పాత ఇమేజ్ చార్ట్స్‌కి 2012లో సెలవు ప్రకటించి 2019లో ఆపేశారు. చార్ట్.జేఎస్, డీ3, ఈచార్ట్స్ మూడూ ఓపెన్ సోర్స్, ఫైలు మన సర్వర్‌లోనే పెట్టుకోవచ్చు. హైచార్ట్స్ బాగుంటుంది, వ్యాపారానికి వాడితే డబ్బు కట్టాలి, షరతులు చదువుకోండి. ప్లాట్లీ అని ఇంకో లైబ్రరీ ఉంది, దాని పూర్తి ఫైలు మూడు ఎంబీ పైనే, వరద పేజీకి అది ఏనుగు. ఒక్క గీత గ్రాఫ్‌కి చార్ట్.జేఎస్ చాలు, కుదించి పంపితే వంద కేబీ లోపే. అంకెలు మాత్రం విడిగా సీఎస్‌వీ ఫైల్‌లో (కామాలతో విడదీసిన మామూలు పట్టిక) పెట్టి, దించుకునే లింకు ఇవ్వండి. చార్టు చచ్చినా అంకెలు బతకాలి.

అక్షరాల_బావ
బొమ్మే మేలు అనేవాళ్లకి ఒక మాట. ఆ బొమ్మ మీద తెలుగు ఎలా రాస్తున్నారు? నేను పైథాన్ ప్రోగ్రాంతో గీయిస్తే "భద్రాచలం"లో క్రావడి పక్కకి జారింది, "హెచ్చరిక"లో చ వత్తు విడిగా కూర్చుంది. చివరికి పేర్లన్నీ ఇంగ్లీషులో పెట్టి పరువు కాపాడుకున్నాను. బ్రౌజర్‌లో ఆ గొడవే లేదు, తెలుగు శుభ్రంగా వస్తుంది. బొమ్మే కావాలంటే ఎస్‌వీజీ (చుక్కలుగా కాక గీతలుగా దాచే బొమ్మ ఫైలు) పెట్టండి, ఎంత పెద్దది చేసినా అక్షరం పగలదు.

క్యాన్వాస్ మీద, అంటే పేజీలో ఒక పెట్టె తీసుకుని గ్రాఫ్‌ని బొమ్మలా గీసే చార్ట్.జేఎస్ లాంటి వాటితో ఇంకో చిక్కు. మీరు పెట్టిన తెలుగు ఫాంట్ దిగకముందే చార్టు గీసేస్తే వేరే ఫాంట్‌తో గీస్తుంది, తర్వాత దానంతట అది మార్చుకోదు. ఫాంట్ వచ్చేదాకా ఆగి గీయించండి. క్యూసెక్కులకి లొకేల్ (భాష, దేశం సెట్టింగ్) 'టీఈ-ఐఎన్' ఇస్తే కామాలు 10,00,000 అని మన పద్ధతిలో పడతాయి, లేకపోతే మిలియన్ల లెక్క వస్తుంది.

కూనవరం_రోడ్డు
వాట్సాప్‌లో ఎస్‌వీజీ పంపితే బొమ్మలా కనిపించదు బావా. ఫొటోగా పోయేదే కావాలి.

అక్షరాల_బావ
బ్రౌజర్‌లోనే గీయించి దాన్ని పీఎన్‌జీగా దాచుకోవచ్చు. అక్షరాలూ సరిగ్గా వస్తాయి, ఫొటోగానూ పోతుంది.

టాక్‌బ్యాక్_వినేవాణ్ని
నాకు చూపు లేదు, ఫోన్ చదివి వినిపిస్తుంది. క్యాన్వాస్ చార్టు దగ్గరికి వస్తే నా ఫోన్ ఏమీ పలకదు, లేదా "చిత్రం" అని ముందుకు పోతుంది. కాబట్టి మీ బొమ్మా, మీ కదిలే గ్రాఫూ నాకు రెండూ ఒకటే! గట్టుమీద కుర్రాడు గారి పోస్టులో నాకు పనికొచ్చిన మాట "పట్టిక". దాన్ని తీసేయకండి. గ్రాఫ్ అందంగా వచ్చాక పట్టిక ఎందుకని తీసేస్తారు, చాలా సైట్లలో చూశాను, అంటే విన్నాను. పైన ఒక వాక్యం రాయండి: "సాయంత్రం 4 గంటలకు 46.2 అడుగులు, గంట నుంచి పెరుగుతోంది" అని. నాకు అది చాలు.

కూనవరం_రోడ్డు
ఆ వాక్యం మాకూ కావాలి. అడుగుల్లో రాయండి, ఆ కేంద్ర జల సంఘం వాళ్ల మీటర్లు మా ఊళ్లో ఎవరికీ ఎక్కవు.

గట్టుమీద_కుర్రాడు
మీరంతా చెప్పింది విని రాత్రి కూర్చుని ఒకటి కట్టాం. పైన ఆ ఒక్క వాక్యం. దాని కింద మూడు హెచ్చరిక గీతలతో పీఎన్‌జీ, అంకె ఎక్కించినప్పుడల్లా కొత్తది తయారవుతుంది, టైం బొమ్మ మీదే ఉంటుంది. ఆ కింద పట్టిక. అన్నిటికంటే కింద "పాత వరదలతో పోల్చి చూడండి" అనే బటన్. అది నొక్కితేనే జావాస్క్రిప్ట్ (గ్రాఫ్‌ని కదిలించే కోడ్) దిగుతుంది. ధవళేశ్వరం విడిగా రెండో గ్రాఫ్.

డేటా_పిచ్చోడు
అంటే ఇంటరాక్టివ్‌ని పెరట్లో కట్టేశారన్నమాట. బటన్ వెనక ఉన్నదాన్ని ఎవరు చూస్తారు? తర్వాత వచ్చి "చూశారా, ఎవరూ నొక్కలేదు" అని నాకే చెబుతారు. వరద లేని నెలల్లో అయినా దాన్ని పైకి తెండి.

న్యూస్‌రూమ్_అక్క
నవంబర్‌లో తెస్తే నాకు అభ్యంతరం లేదు. జూలైలో మాత్రం పెరట్లోనే ఉండనీ.

కూనవరం_రోడ్డు
ఇప్పుడే మా ఇంటి వెనక, సిగ్నల్ సరిగ్గా అందని చోట నిలబడి తెరిచాను. వాక్యం వెంటనే వచ్చింది, బొమ్మ కాసేపటికి వచ్చింది, మా గ్రూపులో పెట్టాను కూడా. బటన్ కూడా నొక్కాను, డేటా తమ్ముడి కోసం. దిగడానికి టైం పట్టింది కానీ వచ్చింది. 2022లో మా రోడ్డు తెగిన రోజు దగ్గర వేలు పెట్టి చూసుకున్నాను, అది బాగుంది, ఒప్పుకుంటున్నాను. కానీ కిందికి జరుపుదామని గ్రాఫ్ మీద వేలు లాగితే పేజీ కదలడం లేదు, గ్రాఫే పక్కకి పోతోంది. దాన్ని దాటి కిందికి ఎలా రావాలో తెలియక పేజీ మూసేశాను.

గట్టుమీద_కుర్రాడు
అయ్యో, అది గ్రాఫ్‌ని పెద్దది చేసి జరపడానికి తగిలించిన జూమ్ ప్లగిన్ పని. ఒక వేలు పేజీకి, రెండు వేళ్లు గ్రాఫ్‌కి అని మార్చి పెడతాను. సాయంత్రం ఇంకోసారి అక్కడే నిలబడి చూసి చెప్పండి అన్నా.