ఏడో కిలోమీటరులో నడవాల్సి వచ్చింది: సాధనలో లోపం ఎక్కడ ఉంది, మాట ఇచ్చిన సొమ్ము సంగతి ఏమిటి?

ప్రశ్న: తుంగభద్ర ఒడ్డు (కర్నూలు)

అందరికీ నమస్కారం. నా వయసు 44 ఏళ్లు. కర్నూలులో ఒక కార్యాలయంలో గుమాస్తాగా పని చేస్తున్నాను. రక్తపోటుకు రోజూ పొద్దున ఒక మాత్ర వేసుకుంటాను. డాక్టరు గారి అనుమతి తీసుకొనే గత నవంబరులో పరుగు మొదలుపెట్టాను. మొదటి నెలంతా కొంత నడక, కొంత పరుగుగా సాగింది. సంక్రాంతి నాటికి ఆగకుండా ఆరు కిలోమీటర్లు, ఫిబ్రవరి చివరికి తొమ్మిది కిలోమీటర్లు పరుగెత్తగలిగాను. వారానికి నాలుగు రోజులు, తెల్లవారుజామున ఐదు గంటలకే స్టేడియానికి వెళ్లేవాడిని. ఆదివారాలు మాత్రం కొండారెడ్డి బురుజు దగ్గర బయలుదేరి రాజ్‌విహార్ మీదుగా సి క్యాంపు వైపు వెళ్లి వచ్చేవాడిని. ఏ రోజైనా వేగం ఒక్కటే, కిలోమీటరుకు ఆరున్నర నిమిషాలు.

మార్చి రెండో ఆదివారం మా ఊళ్లో తలసేమియా (ఒంట్లో రక్తం సరిగా తయారు కాని, పుట్టుకతో వచ్చే జబ్బు) ఉన్న పిల్లల చికిత్సకు నిధుల కోసం 10 కిలోమీటర్ల పరుగు జరిగింది. అందులో నేను పాల్గొంటున్నానని చెప్పినప్పుడు మా కార్యాలయంలో పన్నెండు మంది, నేను పరుగెత్తిన ప్రతి కిలోమీటరుకు తలా 50 రూపాయలు ఇస్తామన్నారు. పూర్తి చేస్తే మొత్తం 6,000 రూపాయలవుతుంది. ఆగకుండా పరుగెత్తుతానని నేను నోరారా చెప్పాను.

ఆరు గంటలకు మొదలు కావలసిన పరుగు, జెండా ఊపవలసిన పెద్దలు రావడం ఆలస్యమైనందువల్ల 7.20కి మొదలైంది. అంతసేపూ మేము గీత వెనుక నిలబడే ఉన్నాము. ఐదింటికి ఒక అరటిపండు తిని కాఫీ తాగాను. మోకాలు కొద్దిగా నొప్పిగా ఉండటంతో ఒక నొప్పి మాత్ర కూడా వేసుకున్నాను. ఆ తరువాత గుక్కెడు నీళ్లు కూడా తాగలేదు. జెండా ఊపగానే అందరితో పాటు దూసుకుపోయాను. గడియారంలో తరువాత చూసుకుంటే మొదటి మూడు కిలోమీటర్లు 5.20, 5.28, 5.45 నిమిషాల్లో వెళ్లాను. ఐదో కిలోమీటరు దాకా హాయిగా అనిపించింది. ఏడో కిలోమీటరుకు ఏడున్నర నిమిషాలు పట్టింది. అప్పటికి ఎండ నెత్తికెక్కింది. అంత ఎండలోనూ చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుని చలి పుట్టినట్లయింది. అక్కడి నుంచి కొంత నడిచి, కొంత పరుగెత్తి, గంటా పదకొండు నిమిషాల 48 సెకన్లకు గీత దాటాను. నడిచిన దూరం మొత్తం ఒకటిన్నర కిలోమీటర్లు.

గీత దగ్గర ఎనిమిదేళ్ల పాప ఒకతె నా మెడలో పతకం వేసింది. ఆ పాప ఎడమ చేతి మీద సూది గుచ్చిన చోట దూది, దాని మీద పట్టీ ఇంకా అలాగే ఉన్నాయి. తల వంచినప్పుడు అవి నా కళ్ల ముందే ఉన్నాయి. ఆ పాప వైపు సూటిగా చూడలేకపోయాను.

నేను అడగదలచినవి రెండు. నాలుగు నెలల సాధనలో లోపం ఎక్కడ ఉంది? రెండోది, నడిచిన ఒకటిన్నర కిలోమీటర్లకు సొమ్ము తీసుకోవడం న్యాయమేనా? అందరిదీ కలిపితే అది 900 రూపాయలు. మిత్రులు నిర్మొహమాటంగా చెప్పాలని కోరుతున్నాను.

జవాబు: పీటీసీ మైదానం (అనంతపురం)

మిత్రమా, మీరు అంకెలన్నీ దాచకుండా రాసినందువల్ల జవాబు చెప్పడం తేలికైంది. మీ పరుగు ఏడో కిలోమీటరులో కాదు, మొదటి మూడు కిలోమీటర్లలోనే చెడింది. మీ సాధన వేగంతో మూడు కిలోమీటర్లకు 19 నిమిషాల 30 సెకన్లు పట్టాలి. మీరు 16 నిమిషాల 33 సెకన్లలో వెళ్లారు. అంటే దాదాపు మూడు నిమిషాలు ముందున్నారు. ఆ మూడు నిమిషాలను మీరు శరీరం దగ్గర అప్పు తెచ్చుకున్నారు, చివరి నాలుగు కిలోమీటర్లలో అది ఆ అప్పును వడ్డీతో సహా వసూలు చేసుకుంది. చుట్టూ వందల మంది పరుగెత్తుతుంటే, డప్పులు మోగుతుంటే, తొందరపడుతున్నామన్న సంగతి ఒంటికి తెలియదు. ఐదో కిలోమీటరు దాకా హాయిగా ఉందని మీరు రాసింది అందుకే. తొమ్మిదేళ్లుగా పరుగెత్తుతున్న నేను కూడా మొదటి కిలోమీటరులో గడియారం చూసుకుంటూనే ఉంటాను, నా ఒంటి మాట అప్పుడు నమ్మను.

రెండో లోపం సాధనలోనే ఉంది, అది ఇంకా ముఖ్యమైనది. నాలుగు రోజులూ ఆరున్నర నిమిషాల వేగమే అన్నారు. కొత్తగా మొదలుపెట్టినవారు చాలామంది చేసే పని ఇదే. పందెంలో ఏ వేగంతో వెళ్లాలనుకున్నారో, రోజూ అదే వేగంతో వెళ్లారు. అది తేలిక పరుగు కాదు, గట్టి పరుగూ కాదు. దానివల్ల అలసట మిగులుతుంది తప్ప గుండెకు, కండరాలకు దక్కవలసిన లాభం పూర్తిగా దక్కదు. వారంలో మూడు రోజులు పక్కవారితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగేంత నెమ్మదిగా పరుగెత్తండి. మీ విషయంలో అది కిలోమీటరుకు ఏడుంబావు నుంచి ఏడున్నర నిమిషాలు ఉండవచ్చు. మొదట్లో ఆ వేగం మనసుకు ఎక్కదు, వెనుక వచ్చినవారు దాటిపోతుంటే కాళ్లు లాగుతాయి, అయినా ఓర్చుకోవాలి. నాలుగో రోజు మాత్రం పది నిమిషాలు తేలికగా పరుగెత్తి, తరువాత పందెపు వేగంతో ఎనిమిదేసి నిమిషాలు మూడు విడతలుగా, మధ్యలో రెండేసి నిమిషాలు నెమ్మదిగా సాగండి. ఆదివారం దూరాన్ని మెల్లమెల్లగా 12 కిలోమీటర్ల దాకా పెంచండి. పందెం దూరం కన్నా ఎక్కువ దూరం నెమ్మదిగా వెళ్లి వచ్చిన కాళ్లకు పదో కిలోమీటరు కొత్తగా ఉండదు.

ఈసారి గంటా ఐదు నిమిషాలే లక్ష్యమనుకుంటే, మొదటి రెండు కిలోమీటర్లు ఆరు నిమిషాల 45 సెకన్ల చొప్పున, తరువాతి ఆరు ఆరున్నర చొప్పున, చివరి రెండు ఆరుంబావు చొప్పున వెళ్లండి. మొత్తం కూడితే సరిగ్గా 65 నిమిషాలవుతుంది. మొదటి రెండు కిలోమీటర్లలో మిమ్మల్ని దాటినవారిలో చాలామంది ఎనిమిదో కిలోమీటరులో మీకు మళ్లీ కనిపిస్తారు.

జవాబు: పాలకొండల పరుగు (కడప)

నేను వృత్తిరీత్యా వైద్యుడిని. పై మిత్రుడు వేగం గురించి చెప్పినదంతా సరైనదే. అయితే మీ ప్రశ్నలో నన్ను కలవరపెట్టిన వాక్యం మరొకటి ఉంది. ఎండలో వెంట్రుకలు నిక్కబొడుచుకుని చలి పుట్టిందని రాశారు. అది వడదెబ్బకు ముందు శరీరం చేసే హెచ్చరిక. అప్పుడు మీరు నడకకు దిగడం ఓటమి కాదు, మీరు ఆ రోజు చేసిన అత్యంత సరైన పని అదే. ఆ స్థితిలో వేగం పెంచి, మాట తడబడి, ఎక్కడున్నామో తెలియని దశకు వెళ్లిన మనిషిని నేను చూశాను. ఎవరినైనా అలా చూస్తే నీడకు చేర్చి, ఒళ్లంతా చల్లని నీళ్లతో తడిపి, విసురుతూ, వెంటనే 108కి ఫోన్ చేయాలి.

పరుగులో కండరాలు ఖర్చు చేసే శక్తిలో సుమారు నాలుగింట మూడొంతులు వేడిగానే మారుతుంది. ఆ వేడిని బయటికి పంపడానికి రక్తం చర్మానికి వెళ్లాలి, అదే సమయంలో కండరాలకూ అదే రక్తం కావాలి. చెమట రూపంలో నీరు పోతున్న కొద్దీ రెండింటికీ సరిపోక గుండె మరింత వేగంగా కొట్టుకోవలసి వస్తుంది. మీరు నాలుగు నెలలు తెల్లవారుజామున ఐదింటి చల్లదనంలో సాధన చేసి, పందెం రోజున ఏడున్నర, ఎనిమిదిన్నర మధ్య ఎండలో పరుగెత్తారు. ఎండకు శరీరం అలవాటు పడటానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. ఆ వ్యవధిలో రక్తంలో నీటి పాలు పెరుగుతుంది, చెమట త్వరగా మొదలవుతుంది, చెమటలో పోయే ఉప్పు తగ్గుతుంది. కాబట్టి వచ్చే పందేనికి ముందు రెండు వారాలు, రోజు విడిచి రోజు, ఏడు గంటల తరువాత అరగంట చొప్పున చాలా నెమ్మదిగా పరుగెత్తండి. ఏప్రిల్, మే నెలల్లో మన సీమ ఎండలో మాత్రం ఈ ప్రయోగం చేయవద్దు.

ఇక మాత్రల సంగతి. రక్తపోటు మాత్రల్లో కొన్ని మూత్రాన్ని ఎక్కువ చేస్తాయి, కొన్ని గుండె వేగాన్ని పెరగనివ్వవు. మొదటి రకమైతే నీరు త్వరగా తగ్గుతుంది. రెండో రకమైతే చేతి గడియారం చూపే గుండె వేగాన్ని నమ్మడానికి వీలు లేదు. మీది ఏ రకమో మీ డాక్టరు గారిని అడగండి, మీ అంతట మీరు మాత్ర మానవద్దు. పరుగుకు ముందు నొప్పి మాత్ర వేసుకోవడం మాత్రం ఇకపై పూర్తిగా మానేయండి. ఒంట్లో నీరు తగ్గి ఉన్నప్పుడు ఆ మాత్రలు మూత్రపిండాలను దెబ్బతీయగలవు, పైగా మీకు రక్తపోటు ఉంది. మోకాలు నొప్పిగా ఉంటే ఆ రోజు పరుగు లేదనే అర్థం.

లీటరు నీటికని ఇచ్చే ఓఆర్ఎస్ ప్యాకెట్టును పూర్తిగా ఒక లీటరు నీటిలోనే కలపాలి. గ్లాసు నీళ్లలో సగం ప్యాకెట్టు కలిపి తాగేవారిని ప్రతి పరుగులోనూ చూస్తున్నాను, అది మేలు కన్నా కీడు చేస్తుంది. అలాగని దాహం లేకపోయినా లీటర్ల కొద్దీ మంచినీళ్లు తాగడం కూడా ప్రమాదమే, రక్తంలో సోడియం పడిపోతుంది. పది కిలోమీటర్లకు దాహాన్ని బట్టి తాగితే చాలు.

జవాబు: బొరుగుల తిరగమాత (కర్నూలు)

నేనూ అదే పరుగులో ఉన్నాను. గంటా ఇరవై నిమిషాలు నిలబెట్టిన నిర్వాహకులకు నేను ఉత్తరం రాశాను, మీరూ రాయండి. మంచి పని కోసం జరిగే పరుగు కాబట్టి అడగకూడదని చాలామంది అనుకుంటారు. పిల్లలు, అరవై దాటినవారు కూడా అదే ఎండలో నిలబడ్డారు కాబట్టి అడగవలసిందే. సాధన విషయంలో ఒక్క మాట: సిమెంటు రోడ్డు తగ్గించి, వారానికి ఒకసారి మట్టి బాట మీద, రెండు వారాలకు ఒకసారి జగన్నాథ గట్టు ఎత్తు మీద నెమ్మదిగా పరుగెత్తి చూడండి. నా మోకాలు నొప్పి తగ్గింది అక్కడే. ముందు రోజు రాత్రి సంగటి, పప్పు తింటే చాలు, ఉగ్గాని బజ్జీ పరుగు అయిన తరువాత.

జవాబు: అపరంజి తల్లి (కర్నూలు)

అన్నగారూ, మీ రెండో ప్రశ్నకు నేను జవాబు చెప్పాలి. మా బాబుకు తలసేమియా. వాడికి ఇప్పుడు పదేళ్లు. మూడు వారాలకు ఒకసారి రక్తం ఎక్కించాలి. ఎక్కించిన ప్రతి సంచితోనూ ఒంట్లోకి ఇనుము చేరుతుంది, దాన్ని బయటికి పంపడానికి రోజూ మందు వేయాలి. ఆ మందు మానితే ఇనుము గుండెలో, కాలేయంలో పేరుకుంటుంది. మీరు పరుగెత్తిన సొమ్ము ఆ మందుకు, పరీక్షలకు పనికి వస్తుంది.

మీ తోటివారు 50 రూపాయలు ఇస్తానన్నది మీ కాళ్లకు కాదు, ఈ పిల్లలకు. అయినా మీరు మాట ఇచ్చారు కాబట్టి దాచవద్దు. ఎనిమిదిన్నర కిలోమీటర్లు పరుగెత్తాను, ఒకటిన్నర నడిచాను, ఇవ్వడం మీ ఇష్టం అని ఉన్నది ఉన్నట్లు చెప్పండి. నిజం చెప్పి తీసుకున్న సొమ్ములో అన్యాయం ఉండదు. ఆ పాప ముందు మీరు తల దించుకోవలసిన పని కూడా లేదు. మా పిల్లలకు ఆ రోజు ఎవరు ఎన్ని నిమిషాల్లో వచ్చారో తెలియదు. అంతమంది తమ కోసం వచ్చారన్నది మాత్రం మా వాడు ఇప్పటికీ చెప్పుకుంటున్నాడు.

మరొక మాట కూడా మీ కార్యాలయంలో చెప్పండి. వేసవిలో కాలేజీలకు సెలవులు ఇస్తారు, విద్యార్థుల రక్తదాన శిబిరాలు ఆగిపోతాయి. అప్పుడు మాకు రక్తం దొరకడం కష్టమవుతుంది. 18 ఏళ్లు దాటి, 45 కిలోలకు తగ్గని బరువు, హిమోగ్లోబిన్ 12.5కు తగ్గకుండా ఉన్న ఆరోగ్యవంతులు ఇవ్వవచ్చు. మగవారు మూడు నెలలకు ఒకసారి, ఆడవారు నాలుగు నెలలకు ఒకసారి. మీవంటి పరుగువారు రక్తం ఇస్తే, పోయిన నీరు ఒకటి రెండు రోజుల్లో భర్తీ అవుతుంది కానీ ఎర్ర కణాలు తిరిగి పెరగడానికి వారాలు పడుతుంది, కాబట్టి పందేనికి ముందు నెలలో ఇవ్వవద్దు. పెళ్లి కావలసిన పిల్లలు ఉన్న ఇళ్లలో ఈ జబ్బు లోపం ఒంట్లో దాగి ఉందో లేదో తెలిపే హిమోగ్లోబిన్ ఎ2 రక్త పరీక్ష చేయించుకోమని చెప్పండి. తల్లీ తండ్రీ ఇద్దరూ వాహకులైతే, అంటే ఆ లోపం ఇద్దరిలోనూ దాగి ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు ఈ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు ఉంటుంది. ఈ ఒక్క పరీక్ష సంగతి మాకు అప్పుడు ఎవరూ చెప్పలేదు.

ప్రశ్న అడిగినవారు: తుంగభద్ర ఒడ్డు (కర్నూలు)

జవాబులు రాసిన అందరికీ నమస్కారాలు. మూడు వారాల తరువాత రాస్తున్నాను. డాక్టరు గారిని కలిశాను. నా మాత్ర మూత్రాన్ని ఎక్కువ చేసే రకమేనని చెప్పి, దాన్ని పరుగు అయిన తరువాత వేసుకోమన్నారు. నొప్పి మాత్రలు మానేశాను. ఏడుంబావు వేగానికి కాళ్లు లొంగడానికి రెండు వారాలు పట్టింది. మొన్న ఆదివారం మా పొరుగింటి మాస్టారుతో మాట్లాడుకుంటూ పది కిలోమీటర్లు ఎక్కడా నడవకుండా పూర్తి చేశాను. గంటా పద్నాలుగు నిమిషాలు పట్టింది. ఇంటికి వచ్చిన తరువాత మునుపటిలా మంచం ఎక్కలేదు, బజారుకు కూడా వెళ్లి వచ్చాను.

సొమ్ము సంగతి. చెల్లెమ్మ చెప్పినట్లే జరిగినదంతా ఒక కాగితం మీద రాసి, పన్నెండు మందికీ చూపించాను. పదకొండు మంది 500 చొప్పున ఇచ్చారు. ఒకరు మాత్రం 425 ఇచ్చారు. ఆయన అన్న మాట ప్రకారం అదే సరైన లెక్క. మిగిలిన 75 నేను కలిపి మొత్తం 6,000 రూపాయలు కట్టి, రసీదు మా గదిలో గోడకు అంటించాను. ఎ2 పరీక్ష సంగతి కూడా దాని పక్కనే రాసి పెట్టాను. ఆ 425 ఇచ్చినాయన కూతురికి ఈ ఏడాది సంబంధాలు చూస్తున్నారట, ఆ కాగితాన్ని ఫోటో తీసుకున్నారు. మే నెలలో రక్తం ఇవ్వడానికి నలుగురు పేర్లు ఇచ్చారు. చెల్లెమ్మా, ఏ రోజున ఎక్కడికి రావాలో చెప్పండి, వారిని నేనే వెంటబెట్టుకుని వస్తాను.