రాకాసి బొగ్గులో 'రా' రాక్షసిదా, రాతిదా?

పటమట: మా నాయనమ్మ ఒక మాట అనేది. "రాకాసి బొగ్గు రాజుకోదు, రాజుకుంటే..." ఆ తర్వాత ముక్క "ఆరదు" అనా, "ఆగదు" అనా? నైనీ గని గురించి చదివినప్పటి నుంచి బుర్ర తినేస్తోంది. ఒడిశాలోని ఆ బ్లాకు సింగరేణికి 2015లో ఇస్తే తవ్వకం మొదలైంది 2025లో. పదేళ్ళు రాజుకోలేదన్నమాట.

బ్రాడీపేట మాస్టారు: ఆరదు. నిప్పు ఆరుతుంది, బండి ఆగుతుంది, ఇందులో చర్చ ఏముంది? తేలాల్సింది "రాకాసి" సంగతి. అది రాక్షసికి వికృతి కానే కాదు. రాతిబొగ్గే జనం నోట్లో నలిగి రాకాసి అయింది. కన్నడిగులు కల్లిద్దలు అంటారు, కల్లు అంటే రాయి. మరాఠీ వాళ్ళ దగడీ కోళసాలోనూ రాయే.

వన్‌టౌన్: తమిళులది నిలక్కరి, అంటే మన నేలబొగ్గే. మరి వాళ్ళకి రాయి కనపడలేదా మాస్టారూ? 'తి' పోయి 'కాసి' వచ్చిన మాట ఇంకొక్కటి చూపించండి, ఒప్పేసుకుంటా. పెద్దదానికల్లా రాకాసి తగిలించడం మనకి అలవాటు. రాకాసి గుళ్ళు లేవూ, రాకాసి బల్లి లేదూ? కుంపట్లో వేసుకునే కట్టెబొగ్గు ముందు ఇది రాకాసే.

తెనాలి: బల్లి అన్నారు కాబట్టి చెప్తున్నా, కోటసారస్ అనే డైనోసార్ ఎముకలు దొరికింది ప్రాణహిత–గోదావరి లోయలోనే. సింగరేణి బొగ్గుదీ అదే లోయ, కాకపోతే ఇంకా పాత పొరలు. ఆ అస్థిపంజరాన్ని హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో చూడొచ్చు.

వన్‌టౌన్: చూశారా, బల్లీ రాకాసే, బొగ్గూ రాకాసే!

ఇబ్రహీంపట్నం: పదేళ్ళు రాజుకోలేదని ఊరికే తీసిపారేయకండి. అడవి ఉన్నచోట బొగ్గు తవ్వాలంటే 1980 చట్టం కింద అటవీ అనుమతి, 2006 నోటిఫికేషన్ కింద పర్యావరణ అనుమతి కావాలి. మధ్యలో ప్రజాభిప్రాయ సేకరణ, దానికి కనీసం 30 రోజుల ముందు నోటీసు. నైనీలో ఎక్కువగా నలిగింది అటవీ భూమి దగ్గరే. తెలంగాణ విడిపోయాక మన ఆంధ్రలో నడుస్తున్న బొగ్గు గని ఒక్కటీ లేదు, మా ఊరి థర్మల్ కేంద్రానికి సింగరేణి నుంచో ఒడిశా తాల్చేరు నుంచో బొగ్గు రైళ్ళు రావాల్సిందే. ఇళ్ళకీ పొలాలకీ కోత పడకూడదని 2022 ఏప్రిల్లో పరిశ్రమలకి పవర్ హాలిడే పెట్టారు, గుర్తుందిగా. అయినా రూల్స్ ఎత్తేయమని నేనను. కరెంటు మనకి, దుమ్మూ గొయ్యీ అక్కడివాళ్ళకి. కనీసం వాళ్ళని అడగాలి కదా.

పటమట: అడగడమేనా, వద్దంటే ఆపాలా?

ఇబ్రహీంపట్నం: షెడ్యూల్డ్ ప్రాంతాల్లో భూసేకరణకి ముందు గ్రామసభనో పంచాయతీనో సంప్రదించాలి అంటుంది 1996 పెసా చట్టం, అంటే ఆ ప్రాంతాల పంచాయతీల చట్టం. ఆ వాక్యంలో సమ్మతి అన్న మాట లేదు. గొడవంతా అక్కడే.

బ్రాడీపేట మాస్టారు: సంస్కృతంలో సంప్రదానం అంటే ఇచ్చేయడం. చతుర్థీ విభక్తి చదివినవాళ్ళకి తెలుస్తుంది. సంప్రదింపు అంటే భూమి ఇచ్చేయడమేనని అధికారులు అర్థం చేసుకున్నట్టున్నారు :)

తెనాలి: అటవీ చట్టం పేరే 2023లో "వన్ సంరక్షణ్ ఏవమ్ సంవర్ధన్ అధినియమ్" అయింది. ఢిల్లీ ఇంగ్లిష్ వదిలి హిందీ పట్టుకుంది, మనం మాత్రం ఇంకా "ఫారెస్ట్ క్లియరెన్స్" దగ్గరే ఉన్నాం.

బ్రాడీపేట మాస్టారు: రాయి అంటే గుర్తొచ్చింది. పల్నాటి రాళ్ళ మీద శ్రీనాథుడు చెప్పాడనే చాటువులో నాపరాళ్ళు ఉన్నాయి, సున్నపురాయి అదే. ఇవాళ మాచర్ల వైపు సిమెంటు బట్టీల్లో ఆ రాయిని కాల్చడానికీ బొగ్గు వాడతారు. ఆయన వెక్కిరించిన రాళ్ళే ఆ సీమకి ఆస్తి అయ్యాయి. ఆ మహానుభావుడికి జొన్నకూడు కాక సన్నన్నం దొరికుంటే అన్ని చాటువులు పుట్టేవా?

వన్‌టౌన్: ఆ చాటువు శ్రీనాథుడిదేనని ఎవరు తేల్చారు? సరే, దానికి వేరే చర్చ పెట్టండి. 'తి' ఎక్కడికి పోయిందో ఇంకా చెప్పలేదు.

బ్రాడీపేట మాస్టారు: అన్నిటికీ సూత్రం ఉండదు నాయనా. జనం నోరే సూత్రం.

పటమట: మా పిన్నికి ఫోన్ చేశా. "ఆరదు" కాదు, "ఆగదు" కూడా కాదు, "ఆనదు" అంటోంది. చేతికి ఆనదు, పట్టుకోలేం అనట. ఇప్పుడేం చేయాలి?

వన్‌టౌన్: ముందు ఎవరి దగ్గరైనా బ్రౌణ్య నిఘంటువు ఉంటే 'రా' పేజీలు ఫొటో తీసి పెట్టండి. మాస్టారు కాకుండా.