సముద్రం పక్క ఇంటికి ఫైబర్ రాడ్లు, కార్బన్ గుడ్డ: వాడినవాళ్ళు చెప్పండి

ఉప్పుగాలి
భీమిలి దారిలో మా ఇల్లు, 1998లో కట్టింది. కింద నాలుగు పిల్లర్లు పెచ్చులూడుతున్నాయి. రింగులు తుప్పు పట్టి, వేలితో నలిపితే పొరలు పొరలుగా రాలుతున్నాయి. కాంట్రాక్టర్ కార్బన్ ఫైబర్ గుడ్డ చుడదామంటున్నాడు. పైన వేసే గది స్లాబుకి ఇనుము మానేసి గ్లాస్ ఫైబర్ రాడ్లు వేయమని మా బావగారి సలహా. గుడ్డలోనే సెన్సర్ ఉండే రకం కూడా ఉందట, పగులు రాకముందే చెబుతుందట. మూడింటి గురించీ చెప్పండి. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

కాకినాడ సైట్
గుడ్డ సంగతి నాకు తెలీదు, రాడ్ల గురించి చెబుతా. రొయ్యల చెరువు కాలువ గోడకు 10 ఎంఎం గ్లాస్ ఫైబర్ వేశాం. బరువు ఇనుములో సుమారు నాలుగో వంతే, కట్ట కట్టంతా ఒక్క కుర్రాడే భుజాన వేసుకుపోయాడు. ఆరేళ్ళయింది, గోడ మీద తుప్పు మరక లేదు. మూలల దగ్గర మా మేస్త్రి బ్లో ల్యాంప్‌తో కాల్చి వంచేశాడు. కళ్ళు మూసుకుని వేయండి.

రెసిన్ పని
కాల్చి వంచారా! రాడ్డులో గాజు దారాల్ని పట్టి ఉంచే రెసిన్, వినైల్ ఎస్టర్, ఒకసారి గట్టిపడ్డాక మళ్ళీ కరగదండీ. వేడికి మెత్తబడినట్టు కనిపిస్తుందే గానీ వంపు లోపలి వైపు గాజు దారాలు నలిగి మడతలు పడతాయి, బయటి వైపు రెసిన్ చిట్లుతుంది. ఆ చీలికలోంచి సిమెంటు క్షారం దిగి గాజును తినేస్తుంది. వంపు రాడ్లు ఫ్యాక్టరీలోనే చేయించుకోవాలి. అలా చేసినవాటికి కూడా వంపు దగ్గర బలం బాగా తగ్గుతుంది.

కాకినాడ సైట్
ఆరేళ్ళ నుంచి నిలబడ్డ గోడ కళ్ళ ముందుంది. కాగితాలు చదివి మా మేస్త్రికి వంక పెట్టొద్దు.

రెసిన్ పని
దారాల్ని రెసిన్‌లో ముంచి లాగి రాడ్డు చేసే పల్ట్రూషన్ మెషిన్ మీద తొమ్మిదేళ్ళు పని చేశాను. ఈ రాడ్డు నా చేతుల మీదుగానే బయటికొచ్చేది.

డిజైన్ టేబుల్
ఇద్దరూ ఆగండి. పదిహేడేళ్ళుగా స్ట్రక్చరల్ డిజైన్ చేస్తున్నా. అసలు ప్రమాదం వంపు కాదు, స్లాబు. ఇనుము బిగువు, అంటే బరువుకి సాగకుండా నిలిచే గుణం, 200 గిగాపాస్కల్స్, ఈ రాడ్డుది 45 నుంచి 60. అదే సైజు, అదే దూరం వేస్తే స్లాబు ఇనుముతో వేసినదానికన్నా ఎక్కువ కుంగుతుంది, పగుళ్ళూ వెడల్పవుతాయి. ఇనుము తెగేముందు సాగి హెచ్చరిస్తుంది, ఇది సాగదు, ఒక్కసారే తెగుతుంది. 2023లో వచ్చిన మన దేశ ప్రమాణం ఐఎస్ 18256 రాడ్డు నాణ్యతకే. డిజైన్‌కి నేను అమెరికావాళ్ళ కాంక్రీటు కోడ్ ఏసీఐ 440.11 చూస్తాను. బావగారి మాట మీద స్లాబు పోయకండి.

కాకినాడ సైట్
గోడ గురించి చెబితే స్లాబు అంటారేంటి?

డిజైన్ టేబుల్
ఆయన అడిగింది స్లాబు. కళ్ళు మూసుకుని వేయమన్నది మీరు.

పాతింటి లక్ష్మి
మీ గొడవలో అసలు పిల్లర్లు మర్చిపోయారు. మా ఇంట్లో తుప్పు తీయకుండానే పైన ప్లాస్టరింగ్ చేసి గుడ్డ చుట్టేశారు. రెండో వర్షాకాలానికి గుడ్డ ఉబ్బింది. రూపాయి బిళ్ళతో కొడితే డొల్లగా మోగేది. విప్పి చూస్తే లోపల ఇనుము సగం లేదు. డబ్బంతా మళ్ళీ పెట్టాల్సి వచ్చింది.
రెండోసారి వచ్చినాయన రాడ్డు వెనకదాకా కాంక్రీటు కొట్టించాడు. వైరు బ్రష్‌తో తెల్లగా మెరిసేదాకా రుద్దించి, కొత్త రింగులు కట్టించి, రిపేరు మోర్టార్ పోసి ఆరనిచ్చాడు. పిల్లరు అంచులు గుండ్రంగా అరగదీశాకే గుడ్డ. పదునైన అంచు మీద చుడితే దారాలు అక్కడే తెగుతాయట. ఇనుము బయటికి తేలిన చోట కార్బన్ నేరుగా తగలకూడదని ముందు గ్లాస్ గుడ్డ ఒక పొర వేశాడు. కార్బన్‌కి కరెంటు పారే గుణం ఉంది, తడిలో ఇనుముని ఇంకా తినేస్తుందని చెప్పాడు.

గోథెన్‌బర్గ్ నుంచి
ఆ కరెంటు గుణమే సెన్సర్ పని చేస్తుంది. సాగితే కార్బన్ రెసిస్టెన్స్ మారుతుంది. అమెరికాలోని బఫెలో యూనివర్సిటీలో పరిశోధకురాలు డెబొరా చుంగ్ 1990లలోనే కార్బన్ దారాలు కలిపిన కాంక్రీటులో ఇది చూపించారు. ఇక్కడ స్వీడన్‌లో చాల్మర్స్ యూనివర్సిటీలో కార్బన్ ఫైబర్‌నే బ్యాటరీగా చేశారు. 2024లో కిలోకు 30 వాట్ అవర్స్, బిగువు 70 గిగాపాస్కల్స్. రేపు గోడే కరెంటు దాచుకుంటుంది!

పాతింటి లక్ష్మి
పిల్లరు కూలుతుందేమోనని ఆయన నిద్రపోవడం లేదు, మీరు బ్యాటరీ అంటారు.

గోథెన్‌బర్గ్ నుంచి
క్షమించండి. సెన్సర్ మాటే చెబుతా. తేమకీ, ఎండకీ కూడా ఆ రీడింగ్ మారుతుంది, ఏది దేనివల్లో విడదీసే మనిషి కావాలి. వంతెనకైతే పెట్టొచ్చు, నాలుగు పిల్లర్లకు ఆ డబ్బు తుప్పు తీయడానికే పెట్టండి.

రెసిన్ పని
ఉప్పుగాలి గారూ, పిల్లర్ల పక్కన జనరేటర్ ఉందా? గుడ్డను అంటించే జిగురు, సైట్‌లో ఆరబెట్టిన ఎపాక్సీ, చాలావరకు 60–80 డిగ్రీలకే మెత్తబడుతుంది. సైలెన్సర్ గాలి గుడ్డకు తగలకూడదు.

ఉప్పుగాలి
ఉందండీ, రెండో పిల్లరుకి మూరెడు దూరంలో. రేపే జరిపిస్తా. లక్ష్మిగారూ, మీ పిల్లర్లు కొట్టినప్పుడు పై బరువుకి జాకీలు ఎన్ని పెట్టారు?

కాకినాడ సైట్
వంచిన ముక్క ఒకటి షెడ్డులో మిగిలితే గ్రైండర్‌తో నిలువునా కోశాను. లోపలి వైపు దారాలు తెల్లగా నలిగిపోయి ఉన్నాయి. రెసిన్ పని గారూ, గోడ మూల తెరిచి చూడాలి. రాడ్డు మీద కాంక్రీటు కవర్ రెండంగుళాలు వేశాం, ఎక్కడ మొదలుపెట్టమంటారు?