క్లోన్‌గా పుట్టినవాడు కొడుకా, తమ్ముడా? తుళ్లూరు ప్లాటులో వాటా ఉందా లేదా?

లా ఫైనలియర్, గుంటూరు:
మూట్ కోర్టుకి (లా విద్యార్థులు వాదన నేర్చుకునే నమూనా కోర్టు) ఇచ్చిన సమస్య ఇది, కథ కల్పితం. తుళ్లూరు మండలం రైతు ఒకాయన రాజధానికి ఎకరం మెట్ట ఇచ్చాడు. బదులుగా 1000 గజాల ఇంటి ప్లాటు, 250 గజాల కమర్షియల్ ప్లాటు వచ్చాయి. భార్య, ఒక కూతురు. ఆయన విదేశం వెళ్లి తన చర్మకణంతో క్లోన్ చేయించుకున్నాడు. అండం భార్యదే, అందులోని జన్యువులు తీసేసి ఆ చర్మకణంవి పెట్టారు. మోసి కన్నదీ ఆవిడే. పిల్లాడికి ఎనిమిదేళ్లప్పుడు రైతు వీలునామా రాయకుండా పోయాడు. కూతురు కేసు వేసింది: జన్యువుల లెక్కన వాడు మా నాన్నకి కవల తమ్ముడు, నాకు బాబాయి, వాటా ఎలా వస్తుందని. నాది పిల్లాడి తరఫు. అసలు క్లోన్‌ని మన చట్టం మనిషిగా ఒప్పుకుంటుందా? అక్కడే టెన్షన్.

కృష్ణలంక కుర్రోడు:
బాబాయికి ఎనిమిదేళ్లు, అన్న కూతురికి పెళ్లీడు. పండక్కి ఎవరు ఎవరి కాళ్లకి దణ్ణం పెట్టాలో ముందు అది తేల్చండి.

బ్రాడీపేట వకీలు:
బాబూ, మనిషా కాదా అన్నదాని మీద టైమ్ పోగొట్టుకోకు. రాజ్యాంగం 21వ అధికరణం ఏ వ్యక్తి ప్రాణాన్నీ, స్వేచ్ఛనీ చట్టప్రకారం తప్ప తీయకూడదంటుంది. ఆ వ్యక్తి ఎలా పుట్టాడని అడగదు. తల్లి కడుపున పుట్టి, ఎనిమిదేళ్లు పెరిగి, బడికి పోతున్నవాణ్ణి మనిషి కాదని ఏ జడ్జీ అనడు. గొడవంతా వారసత్వం దగ్గరే.

హిందూ వారసత్వ చట్టంలో భార్య, కొడుకు, కూతురు మొదటి తరగతి. (రైతు తల్లి బతికుంటే ఆవిడ కూడా. సమస్యలో రాశారో లేదో చూసుకో.) తమ్ముడు రెండో తరగతి. మొదటి తరగతిలో ఒక్కరున్నా తమ్ముడికి చిల్లిగవ్వ రాదు. అందుకే అవతలి పక్షం వాణ్ణి తమ్ముణ్ణి చేయడానికి డీఎన్‌ఏ రిపోర్టు పట్టుకొస్తుంది. నువ్వు దాని జోలికి పోవద్దు. భారతీయ సాక్ష్య అధినియం 116వ సెక్షన్ తియ్యి, పాత ఎవిడెన్స్ యాక్టులో 112. పెళ్లి నిలిచి ఉండగా పుట్టిన బిడ్డ ఆ భర్త బిడ్డే. భార్యాభర్తలు కలిసే అవకాశమే లేకపోయిందని రుజువు చేస్తే తప్ప ఆ మాటకి తిరుగులేదు.

ఇంకొకటి. తమ్ముడు కావాలంటే వాణ్ణి రైతు తల్లి కనాలి. కన్నది భార్య. జనన ధ్రువపత్రంలో తల్లి పేరు దగ్గర నాయనమ్మ పేరు రాయమని కూతురు అడుగుతుందా?

సత్యనారాయణపురం మాస్టారు:
వకీలు గారూ, తెలివిగా దాటేశారు గానీ, చేసిన పని తప్పు కదండీ. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల్లో క్లోనింగ్‌తో పిల్లల్ని పుట్టించడం నిషిద్ధం. యునెస్కో 1997లోనే వద్దంది. 2005లో ఐక్యరాజ్యసమితి కూడా వద్దంది. ఊరంతా వద్దన్న పని చేసి వచ్చి ప్లాటులో వాటా ఇమ్మంటే, రేపు డబ్బున్న ప్రతివాడూ అదే దారి పడతాడు.

బ్రాడీపేట వకీలు:
మాస్టారూ, 2005 ఓటు సంగతి పూర్తిగా చెప్పాలి. అనుకూలం 84, వ్యతిరేకం 34, తటస్థం 37. వ్యతిరేకించిన వాళ్లలో మన దేశం ఉంది. పిల్లల్ని పుట్టించే క్లోనింగ్‌ని మనవాళ్లు సమర్థించి కాదు, జబ్బులకి మందు వెతికే పరిశోధన కూడా ఆ ప్రకటన కింద ఆగిపోతుందని. పైగా మార్గదర్శకాలు వేరు, పార్లమెంటు చేసిన చట్టం వేరు. బ్రిటన్ 2001లో దీనికోసమే ఒక చట్టం చేసింది. మన దగ్గర అలాంటిది లేదు.

సరే, తప్పే అనుకుందాం. తప్పు ఎవరిది? చెల్లని పెళ్లికి పుట్టిన పిల్లలకి కూడా తల్లిదండ్రుల ఆస్తిలో, ఉమ్మడి ఆస్తిలో ఆ తల్లిదండ్రులకి వచ్చే వాటాలో హక్కుందని 2023లో సుప్రీంకోర్టు రేవణసిద్ధప్ప కేసులో తేల్చింది. పెద్దవాళ్ల పెళ్లి చెల్లదు, పిల్లల హక్కు చెల్లుతుంది. నీ వాదనకి వెన్నెముక అదే బాబూ.

అరండల్‌పేట అక్క:
2019లో మన గుంటూరులోనే డెబ్బై దాటిన ఆవిడ ఐవీఎఫ్‌తో కవలల్ని కన్నప్పుడు ఎంత గోల జరిగిందో గుర్తుందా? తర్వాత ఇలాంటి సంతాన చికిత్సల కోసం వచ్చిన 2021 ఏఆర్‌టీ చట్టం ఆడవాళ్లకి 50, మగవాళ్లకి 55 అని హద్దు పెట్టింది. హద్దు పెట్టారు కదా అని అంతకుముందు పుట్టిన పిల్లల హక్కులేమన్నా పోయాయా?

లాం పశువైద్యుడు:
మీరంతా పిల్లాడు పుట్టిన తర్వాత కథ మాట్లాడుతున్నారు. నా బాధ పుట్టకముందు జరిగేదాని గురించి. డాలీ అనే క్లోన్ గొర్రె కోసం 277 అండాలతో ప్రయత్నిస్తే బతికి బయటపడ్డది ఒక్కటే. మన దేశంలోనే, హర్యానా కర్నాల్‌లో 2009 ఫిబ్రవరిలో పుట్టిన మొదటి క్లోన్ గేదెదూడ కొద్ది రోజులకే పోయింది. జూన్‌లో పుట్టిన గరిమ నిలబడింది. క్లోన్ దూడల్లో చాలావాటితో ఇబ్బంది ఏమిటంటే, కడుపులోనే మరీ పెద్దగా పెరిగిపోతాయి. ఉమ్మనీరు విపరీతంగా పడుతుంది, బొడ్డుతాడు లావెక్కిపోతుంది, ఈనేటప్పుడు తల్లి నరకం చూస్తుంది. దూడ బయటపడ్డాక లేవదు, ఊపిరి అందదు. 2018లో షాంఘైలో రెండు క్లోన్ కోతుల్ని చూపించారు. అవి పిండకణాలతో చేసినవి. పెద్ద కోతి కణాలతో చేసినవి పుట్టినా ఎంతోకాలం బతకలేదు. రైతు చర్మకణం అంటున్నారు కాబట్టి మీకు వర్తించేది ఈ రెండో లెక్క.

ఒక్క పిల్లాడు నిలబడ్డాడంటే వాడి వెనక ఎన్ని పోయి ఉంటాయి, ఆ తల్లి ఎన్నిసార్లు కడుపు పోగొట్టుకుని ఉంటుంది? వాడికి వాటా ఇవ్వండి, నేను కాదనను. చేసిన డాక్టర్ని మాత్రం బోనెక్కించాలి.

పటమట నుంచి:
మా దగ్గరి బంధువులకి ఒక్కడే కొడుకు, హైవే మీద పోయాడు. వాళ్లమ్మ నన్ను అడిగింది, వాడి దువ్వెనలో వెంట్రుకలు దాచాను, పనికొస్తాయా అని. మీ వాదనలు చదువుతుంటే ఆవిడే గుర్తొస్తోంది. తాత పోతే మనవడికి ఆయన పేరు పెట్టుకుంటాం, మా నాన్నే మళ్లీ పుట్టాడంటాం. ఆవిడ అడిగిందీ అంతేగా. ఆ కోరికని నేరం అనగలమా?

అరండల్‌పేట అక్క:
కోరిక నేరం కాదు వదినా. అయితే పేరు పెట్టడం వేరు. తాత పేరున్న మనవడు తాతలా ఉండకపోయినా ఎవరూ ఏమీ అనరు. ఆవిడకి అలా పుట్టే పిల్లాడు హాల్లో దండ వేసిన ఫోటోలో తన మొహమే చూసుకుంటూ పెరగాలి. వాడికి లెక్కలు రాకపోతే "అన్నయ్యకి వచ్చేవి" అంటారు. బండి కొనమంటే ఇల్లంతా ఏడుస్తుంది. పైగా అచ్చం అదే మనిషి వస్తాడనీ లేదు. అమెరికాలో క్లోన్ చేసిన పిల్లి బొచ్చు మచ్చల్లో కూడా మొదటి పిల్లిని పోలలేదు. ఆవిడ ఎదురుచూసేది ఒకరిని, వచ్చేది ఇంకొకరు.

రైతు కేసులో ఇంకో చిక్కు. నాన్నకి నలభైకి షుగర్, యాభైకి గుండె అని ఉంటే పిల్లాడికి తన జాతకం మెడికల్ ఫైల్లో ముందే రాసున్నట్టే. కొంతవరకే నిజమవచ్చు, కానీ తెలియకుండా ఉండే వీలు వాడికి లేదు.

సత్యనారాయణపురం మాస్టారు:
సరే, వాటా దగ్గర తగ్గుతాను. కానీ వకీలు గారూ, వాటా ఇస్తూనే తండ్రి చేసిన పనిని తీర్పులో తప్పుపట్టకపోతే అది అనుమతి ఇచ్చినట్టే అవుతుంది.

లా ఫైనలియర్, గుంటూరు:
ధన్యవాదాలండీ. 2021 ఏఆర్‌టీ చట్టం 31వ సెక్షన్ కూడా వాడొచ్చా? ఆ పద్ధతుల్లో పుట్టిన బిడ్డ ఆ దంపతుల సొంత బిడ్డే అని ఉంది. అండాన్ని శరీరం బయట పెట్టి పని చేసినా ఆ నిర్వచనంలోకి వస్తుంది.

బ్రాడీపేట వకీలు:
వాడు, కానీ చివర్లో, ప్రత్యామ్నాయంగా. ముందే తీస్తే, నిషేధించిన పని ఆ చట్టం కిందికి ఎలా వస్తుందని బెంచ్ పట్టుకుంటుంది, అరగంట అక్కడే పోతుంది. నిన్ను ఇరికించే ప్రశ్న ఇంకోటుంది: రైతు రెండో పిండం కూడా చేయించి ఫ్రీజర్‌లో ఉంచాడనుకో, భర్త పోయిన మూడేళ్లకి ఆవిడ దాన్ని కంటే? 116వ సెక్షన్ అంతదూరం రాదు, పెళ్లి ముగిశాక 280 రోజుల వరకే. వారసత్వ చట్టం 20వ సెక్షన్ తండ్రి పోయేనాటికి గర్భంలో ఉన్న బిడ్డకి వాటా ఇస్తుంది, ఫ్రీజర్‌లో ఉన్నదాని గురించి మాట్లాడదు. మొదటి పిల్లాడికి వచ్చి రెండోవాడికి ఎందుకు రాదో చెప్పమంటారు. దానికి జవాబు రాసుకుని వెళ్లు.