అరవై కంప్యూటర్ల ల్యాబ్‌లో విండోస్ 11: పాత క్లోనింగ్ పద్ధతి ఇంకా పనికివస్తుందా?

ప్రశ్న (పాలిటెక్నిక్ ల్యాబ్ ఇన్‌చార్జి)

మా కళాశాల ల్యాబ్‌లో 60 కంప్యూటర్లు ఉన్నాయి. విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగియడంతో వాటిలో 40 తీసివేసి కొత్తవి తెప్పించారు. మిగిలిన 20 పాత బయోస్ (ఆన్ చేయగానే యంత్రాన్ని లేపే పాత తరహా ప్రోగ్రాము) యంత్రాలే. ఇంతకాలం ఒక కంప్యూటర్‌లో విండోస్‌తో పాటు కంపైలర్లు, ఇతర సాఫ్ట్‌వేర్లు అన్నీ వేసి, ఆ డిస్కునే తక్కినవాటిలోకి క్లోన్ చేసేవాళ్లం. కొత్త యంత్రాల దగ్గర ఆ పద్ధతి సాగడం లేదు. పాత ఇమేజ్ (ఆ డిస్కు నకలు) ఎక్కిస్తే బూట్ కావడం లేదు. పెన్ డ్రైవ్‌తో విడిగా వేద్దామంటే సెటప్‌లో డిస్కే కనిపించడం లేదు. సర్వర్‌లోని డబ్ల్యూడీఎస్ (నెట్‌వర్క్ మీద విండోస్ వేసే మైక్రోసాఫ్ట్ సేవ) విండోస్ 11కి పనిచేయదని కొందరు, ఆటోపైలట్ (ఇంటర్నెట్ ద్వారా యంత్రాలను అమర్చే మైక్రోసాఫ్ట్ పద్ధతి) తీసుకుంటే ఇవేవీ అక్కరలేదని సరఫరాదారు చెబుతున్నారు. మా వంటి ల్యాబ్‌కు ఏ దారి మంచిదో అనుభవజ్ఞులు చెప్పగలరు.

జవాబు 1 (సిస్టమ్ అడ్మిన్, విశాఖపట్నం)

ముందుగా డిస్కు కనిపించకపోవడం గురించి. ఇంటెల్ 11వ తరం నుంచి చాలా యంత్రాలలో వీఎండీ అనే డిస్కు కంట్రోలర్‌ను ఆన్ చేసి పంపుతున్నారు. దాని డ్రైవర్ సెటప్ మీడియాలో లేకపోతే ఎస్‌ఎస్‌డీ ఉన్నా లేనట్టే ఉంటుంది. తయారీదారు వెబ్‌సైటు నుంచి ఆ డ్రైవర్‌ను దించుకుని, పెన్ డ్రైవ్‌లో ఒక ఫోల్డర్‌గా పెట్టి, సెటప్‌లో 'లోడ్ డ్రైవర్' ద్వారా చూపితే సరిపోతుంది. 40 యంత్రాలకు ఆ పని చేతితో చేయడం దండగ కనుక, డిస్మ్ (విండోస్ ఇమేజ్‌లను మార్చే, విప్పే సాధనం) ఆదేశంతో ఆ డ్రైవర్‌ను సెటప్‌ను మొదలుపెట్టే బూట్ ఇమేజ్‌లోనూ విండోస్ ఇమేజ్‌లోనూ ముందే చేర్చండి.

ఇక పాత ఇమేజ్ సంగతి. ఎక్స్‌పీ కాలంలో ఇమేజ్ అంటే డిస్కులోని సెక్టార్ల నకలే. పైగా హ్యాల్ (హార్డ్‌వేర్‌కూ విండోస్‌కూ మధ్య ఉండే పొర) వేరైతే ఒక యంత్రం ఇమేజ్ మరొకదానిలో లేచేది కాదు. విస్టాతో సెటప్ స్వరూపమే మారిపోయింది. ఫైళ్లను ఒక్కొక్కటిగా అమర్చే పని పోయి, ముందే సిద్ధమైన విమ్ (విండోస్ ఫైళ్లన్నీ కూర్చిన ఇమేజ్) ఫైలును డిస్కు మీద విప్పడమే సెటప్ అయింది. ఇది సెక్టార్ల స్థాయిలో కాక ఫైళ్ల స్థాయిలో పనిచేస్తుంది కాబట్టి డిస్కు పరిమాణం, విభాగాల అమరిక వేరైనా ఇబ్బంది లేదు. మీ పాత ఇమేజ్ ఎంబీఆర్ (డిస్కు విభాగాలను నమోదు చేసే పాత పద్ధతి) డిస్కుది. కొత్త యంత్రాలు బయోస్ స్థానంలో వచ్చిన యూఈఎఫ్ఐతో, ఎంబీఆర్ స్థానంలో వచ్చిన జీపీటీ డిస్కులోని ఈఎఫ్ఐ విభాగం నుంచి లేస్తాయి. ఆ విభాగం పాత ఇమేజ్‌లో ఉండదు, అందుకే బూట్ కావడం లేదు. దానికి మరమ్మతు చేసే ప్రయత్నం మాని, కొత్త యంత్రంలోనే మాస్టర్‌ను తయారు చేయండి.

ఒక హెచ్చరిక కూడా ఉంది. సిస్‌ప్రెప్ (క్లోన్‌కు ముందు మాస్టర్‌లోని సొంత గుర్తింపులను తుడిచే విండోస్ సాధనం) చేయకుండా క్లోన్ చేస్తే యంత్రాలన్నిటికీ ఒకే ఎస్ఐడీ (యంత్రానికి విండోస్ ఇచ్చే భద్రతా గుర్తింపు సంఖ్య) వస్తుంది. చాలా ఏళ్లు దానివల్ల పెద్ద నష్టమేమీ కనబడలేదు కాబట్టి ఎందరో ఆ మెట్టు వదిలేసేవారు. అయితే 2025 ఆగస్టు చివరి నుంచి వచ్చిన అప్‌డేట్ల తరువాత, విండోస్ 11 24హెచ్2, 25హెచ్2 వెర్షన్లలో ఒకే ఎస్ఐడీ ఉన్న యంత్రాల మధ్య లాగిన్, ఫైల్ షేరింగ్ విఫలమవుతున్నాయి. కాబట్టి క్లోనింగ్ మానక్కరలేదు, సిస్‌ప్రెప్‌తో 'జనరలైజ్' చేయని క్లోనింగ్‌నే మానాలి. మాస్టర్‌లో బిట్‌లాకర్ (విండోస్ డిస్కు ఎన్‌క్రిప్షన్) ఆన్ అయి ఉంటే సిస్‌ప్రెప్ ముందుకు సాగదు. 24హెచ్2 అడగకుండానే ఎన్‌క్రిప్షన్ మొదలుపెట్టే సందర్భాలున్నాయి కనుక అది ముందే చూసుకోండి.

జవాబు 2 (నెట్‌వర్క్ ఇంజనీరు, హైదరాబాద్)

డబ్ల్యూడీఎస్ గురించి మీరు విన్నది సగమే నిజం. విండోస్ 11 మీడియాలోని బూట్ ఇమేజ్‌ను నేరుగా డబ్ల్యూడీఎస్‌లో పెట్టి పూర్తి ఇన్‌స్టాలేషన్ చేసే పద్ధతిని మైక్రోసాఫ్ట్ నిలిపివేసింది. మీరు సొంతంగా చేసుకున్న విన్‌పీఈ (ఇన్‌స్టాల్ పని కోసం లేచే చిన్న విండోస్) ఇమేజ్‌ను నెట్‌వర్క్ మీద బూట్ చేయించి, అందులో నుంచి డిస్మ్‌తో విమ్ ఫైలును విప్పడానికి మాత్రం అడ్డు లేదు. మైక్రోసాఫ్ట్ వారి ఇన్‌స్టాలేషన్ సాధనమైన ఎండీటీని కొత్తగా మొదలుపెట్టమని నేను చెప్పను. అది వీబీస్క్రిప్ట్ అనే పాత స్క్రిప్టు భాష మీద ఆధారపడింది. ఆ వీబీస్క్రిప్ట్‌నే తొలగించబోతున్నట్టు 2023లో ప్రకటించారు.

మీకు రెండు రకాల యంత్రాలు ఉన్నాయి కాబట్టి పీఎక్స్ఈ (నెట్‌వర్క్ ద్వారా బూట్ కావడం) దగ్గర చిక్కు వస్తుంది. యంత్రాలకు నెట్‌వర్క్ చిరునామాలు ఇచ్చే డీహెచ్‌సీపీలో 66, 67 ఆప్షన్లలో ఒకే ఫైలు పేరు రాసిపెడితే బయోస్ యంత్రాలో యూఈఎఫ్ఐ యంత్రాలో, ఏదో ఒక రకం మాత్రమే లేస్తుంది. యంత్రం తన రకాన్ని 93వ ఆప్షన్‌లో తెలియజేస్తుంది: 0 అయితే బయోస్, 7 అయితే 64 బిట్ యూఈఎఫ్ఐ. దానినిబట్టి వేర్వేరు ఫైళ్లు ఇచ్చేలా సర్వర్‌ను అమర్చాలి. సెక్యూర్ బూట్ (నమ్మదగని బూట్ ఫైళ్లను ఆపే రక్షణ) ఆన్‌లో ఉంటే బూట్ ఫైలుకు చెల్లే సంతకం ఉండాలి.

నా మట్టుకు, ల్యాబ్‌కు క్లోన్‌జిల్లా (ఉచిత క్లోనింగ్ సాఫ్ట్‌వేర్) సర్వర్ చాలు. మల్టీకాస్ట్ వాడితే ఒకే ప్రవాహాన్ని అన్ని యంత్రాలూ ఒకేసారి అందుకుంటాయి, కాబట్టి 40 యంత్రాలకైనా సమయం పెద్దగా పెరగదు. కాకపోతే అందరిలో నెమ్మదైన యంత్రమే అందరి వేగాన్నీ నిర్ణయిస్తుంది. పాడైన కేబుల్ వల్ల ఒక్క పోర్టు 100 ఎంబీపీఎస్‌కు దిగినా మొత్తం ల్యాబ్ దాని కోసం ఆగుతుంది. మామూలు స్విచ్‌లు మల్టీకాస్ట్‌ను అన్ని పోర్టులకూ వెదజల్లుతాయి కాబట్టి ఆ సమయంలో ల్యాబ్ నెట్‌వర్క్‌ను కార్యాలయ నెట్‌వర్క్ నుంచి విడదీయడం మేలు.

జవాబు 3 (ఐటీ సేవల సంస్థ ఉద్యోగి, బెంగళూరు)

ఆటోపైలట్ మంచిదే, కానీ మీ అవసరానికి పుట్టినది కాదు. 2017లో వచ్చిన ఈ పద్ధతి ఓఎస్‌ను వేయదు. ఫ్యాక్టరీలో వేసి పంపిన విండోస్‌నే ఉంచి, యంత్రం హార్డ్‌వేర్ గుర్తింపును ముందే నమోదు చేసుకుని, ఇంటర్నెట్‌కు తగలగానే సంస్థ అమరికలను, సాఫ్ట్‌వేర్లను దింపుతుంది. లాప్‌టాప్ నేరుగా ఉద్యోగి ఇంటికే చేరే సంస్థలకు దీనికి సాటి లేదు. ఒకే గదిలో ఉండి, ప్రతి సెమిస్టరుకూ తుడిచి మళ్లీ వేసే యంత్రాలకు మాత్రం ఇంట్యూన్ (యంత్రాలను నిర్వహించే మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ సేవ) లైసెన్సు ఖర్చూ ఇంటర్నెట్ భారమూ తప్ప లాభం తక్కువ.

లైసెన్సు విషయం మాత్రం సరఫరాదారును తప్పక అడగండి. కంప్యూటర్‌తో వచ్చే ఓఈఎం లైసెన్సు సొంత మాస్టర్ ఇమేజ్‌ను అన్నిటికీ ఎక్కించే హక్కు ఇవ్వదు. ఆ హక్కు సంస్థలు తీసుకునే వాల్యూమ్ లైసెన్సుతో వస్తుంది. యంత్రాలలో హోమ్ ఎడిషన్ ఉంటే అది డొమైన్‌లో (యంత్రాలను ఒకేచోట నుంచి నిర్వహించే సంస్థ నెట్‌వర్క్‌లో) చేరదు కూడా.

ప్రశ్న వేసినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. 40 యంత్రాలకు సిస్‌ప్రెప్, క్లోన్‌జిల్లా దారే పట్టాలని నిర్ణయించాము. విండోస్ 11కి కావలసిన టీపీఎం 2.0 భద్రతా చిప్ లేని ఆ 20 పాత యంత్రాలకు ఉబుంటు లినక్స్ వేస్తే దానినీ ఇదే విధంగా క్లోన్ చేయవచ్చా?

జవాబు 2 (నెట్‌వర్క్ ఇంజనీరు, హైదరాబాద్)

చేయవచ్చు, కానీ ఉబుంటుకు క్లోన్ కన్నా ఆటోఇన్‌స్టాల్ సులువు. విభాగాలు, ఖాతా, వేయవలసిన ప్యాకేజీలు ఒక యామల్ (అమరికలు రాసే సాదా టెక్స్ట్) ఫైలులో రాసిపెడితే ఇన్‌స్టాలర్ దానిని చదువుకుని ప్రశ్నలు అడగకుండా పని ముగిస్తుంది, ఉబుంటు 20.04 సర్వర్‌లో వచ్చిన ఈ సదుపాయం 24.04 డెస్క్‌టాప్‌లోనూ ఉంది. సిలబస్ మారినప్పుడు ఇమేజ్‌ను మళ్లీ కట్టకుండా ఆ ఫైలులో ఒక వరుస మారిస్తే చాలు. క్లోనే చేయదలచుకుంటే మాస్టర్‌లోని మెషీన్ ఐడీని (యంత్రం గుర్తింపు సంఖ్యను) ఖాళీ చేసి, ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే పద్ధతి) హోస్ట్ కీలను తొలగించి, ఆ కీలు ప్రతి యంత్రంలోనూ తిరిగి తయారయ్యే ఏర్పాటు చేసిన తరువాతే ఇమేజ్ తీయండి.