650 వాట్లదీ ‘సామర్థ్యమే’, 142 వాట్లదీ ‘సామర్థ్యమే’: వేరు చేసి చెప్పడం ఎలా?

మిత్రులకు నమస్కారం. కంప్యూటర్ విడిభాగాలతో వచ్చే సూచనల పత్రాలను తెలుగు చేయడం నా పని. ఈ వారం ఒక ఎస్‌ఎంపీఎస్ పత్రం దగ్గర కలం ఆగిపోయింది. గోడ నుంచి వచ్చే కరెంటును కంప్యూటర్‌కు తగినట్టు మార్చి ఇచ్చే పెట్టెను మరమ్మతు చేసేవారంతా ఎస్‌ఎంపీఎస్ అనే అంటారు కదా. ఈ రకానికి పక్కన చిన్న తెర ఉంటుంది. కంప్యూటర్ ఆ క్షణాన ఎన్ని వాట్లు వాడుతోందో అందులో అంకె కనిపిస్తుంది. ఆసుస్ 2018లో తెచ్చిన ఆర్‌ఓజీ థోర్ ఇలాంటిదే. నా ముందున్నది వేరొకరిది, 650 వాట్లది.

పాత అనువాదం చూస్తే మూడు చోట్లా ఒకటే మాట. పెట్టె మీది అంకెకు ‘సామర్థ్యం 650 వాట్లు’. తెరకు ‘ప్రస్తుత సామర్థ్యాన్ని చూపుతుంది’. పుచ్చుకున్న కరెంటులో కనీసం 80 శాతం వృథా కాకుండా కంప్యూటర్‌కు ఇస్తుందని చెప్పే 80 ప్లస్ ధ్రువీకరణ దగ్గర ‘80 శాతం సామర్థ్యం’. మా బంధువుల అబ్బాయి ఇలాంటి పత్రమే చదివి, తెర మీద 142 చూసి, ‘650కి డబ్బు తీసుకుని 142 ఇచ్చారు’ అని క్యాబినెట్ విప్పి, పెట్టె ఊడదీసి దుకాణానికి మోసుకెళ్లాడు. పెట్టె బాగానే ఉంది. దుకాణంవారి తప్పూ లేదు. తప్పు ఆ తెలుగుది, అంటే నాలాంటివారిది. ఈ మూడింటికీ మూడు మాటలు కావాలి. సాయం చేయండి.

*స్పందన 1*

ముప్పై ఏళ్లు బడిలో భౌతికశాస్త్రం చెప్పినదాన్ని కాబట్టి రాస్తున్నాను. మీరు ఎత్తి చూపిన మూడు వాడుకల్లో మొదటి రెండూ తప్పు కావు, బాధంతా అక్కడే ఉంది. పాఠ్యపుస్తకంలో శక్తి వేరు, సామర్థ్యం వేరు. శక్తికి జౌళ్లు. ఆ శక్తి ఎంత వేగంగా ఖర్చవుతోందో చెప్పేది సామర్థ్యం, దానికి వాట్లు. ఆ లెక్కన తెర చూపేది సామర్థ్యమే. కానీ పత్రికల్లో ‘శ్రీశైలం ఎడమ గట్టు కేంద్రం సామర్థ్యం 900 మెగావాట్లు’ అని రాస్తారు. అది ఆ కేంద్రం ఇవ్వగలిగిన గరిష్ఠం. ఆరోజు ఇస్తున్నది కాదు. జలాశయం నిల్వ సామర్థ్యమూ అలాంటిదే. సమర్థుడి గుణం సామర్థ్యం. చేయగలగడమే దాని అర్థం, చేస్తూ ఉండడం కాదు. జనం చెవికి అందే అర్థం ఇదే, పాఠంలోది కాదు.

నా పిల్లలు ఏటా తడబడేది ఇక్కడే. 746 వాట్లను ఒక పుస్తకం అశ్వసామర్థ్యం అంటే, ఇంకొకటి అశ్వశక్తి అంటుంది. పరీక్షలో ఏది రాయాలని అడిగితే నేను మాత్రం ఏమి చెప్పను?

మూడోదానికి మాత్రం మంచి మాట ఉంది: దక్షత. పుచ్చుకున్నదానిలో ఎంత పనికొచ్చేలా ఇచ్చిందో చెప్పేది అది. మిగిలినది వేడిగా పోతుంది, ఆ పెట్టెకు ఫ్యాను అందుకే. దాన్ని సామర్థ్యం అనడం ముమ్మాటికీ తప్పు.

*స్పందన 2*

తెర చూపేదానికి ‘విద్యుద్వ్యయ సూచిక’ అంటే ఎలా ఉంటుంది? కచ్చితంగా ఉంటుంది, పాత మాటలతో తికమక ఉండదు.

*స్పందన 3*

సూచిక మాట వద్దండీ. దాన్ని చదివినవారు మళ్లీ దానికి అర్థం అడుగుతారు. నేను విద్యుత్ శాఖలో పనిచేసి విరమించినవాణ్ని. ఇంటింటికీ తిరిగి మీటరు రీడింగులు తీసినన్నాళ్లూ నాతో ఎవరూ నామవాచకాలతో మాట్లాడలేదు. క్రియలతో మాట్లాడారు. ‘ఈ నెల 180 యూనిట్లు కాలాయి’ అంటారు, దీపంలో నూనె కాలినట్టు. అది మొత్తం ఖర్చు. ‘మోటారు ఎక్కువ లాగుతోంది’ అంటారు, అది ఇప్పటి వేగం. ‘ట్రాన్స్‌ఫార్మర్ ఇంత లోడు తట్టుకోదు’ అంటారు, అది గరిష్ఠం.

ఒకదాని చోట ఒకటి పెట్టి చూడండి. ‘ఈ నెల 650 వాట్లు కాలాయి’ అంటే చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. ‘ఫ్రిజ్ 180 యూనిట్లు లాగుతోంది’ అని ఏ రైతూ, ఏ గృహిణీ నాతో అనలేదు. బడిలో తడబడేవారు కూడా ఇంట్లో తడబడరు. మీ పత్రంలో ఇలా రాయండి: ‘ఈ పెట్టె 650 వాట్ల వరకు తట్టుకుంటుంది. మీ కంప్యూటర్ ఇప్పుడు 142 వాట్లు లాగుతోంది.’ ఆ లెక్కన ఏడు గంటలు నడిస్తే దాదాపు ఒక యూనిట్ కాలుతుంది. ఆ అబ్బాయి ఇది చదివి ఉంటే పెట్టె ఊడదీసేవాడు కాదు.

*స్పందన 4 (ప్రశ్న అడిగినవారు)*

అయ్యా, ఈ మూడు క్రియలూ నేను రోజూ పలుకుతున్నవే. రాయడానికి కూర్చునేసరికి మాత్రం ఒక్కటీ గుర్తురాలేదు. ‘లాగుతోంది’ పత్రానికి మరీ ఇంటి మాటలా ఉందని మా సంపాదకులు అనవచ్చు. అంటే ‘వాడుతోంది’ దగ్గర రాజీపడతాను, ‘సామర్థ్యం’ దగ్గరకు మాత్రం తిరిగి వెళ్లను. పెట్టె మీది అంకెకు ‘గరిష్ఠ సామర్థ్యం’ ఉంచుతాను, ఆ విశేషణం లేకుండా ఎక్కడా రాయను. ధ్రువీకరణ దగ్గర టీచరుగారి దక్షతే.

*స్పందన 5 (టీచరు)*

ఒక్కటి మరిచాను బాబూ. ఆ తెర చూపేది పెట్టె పుచ్చుకునేదా, ఇచ్చేదా? దక్షత 90 శాతం అనుకుంటే, ఇచ్చేది 270 వాట్లయినప్పుడు పుచ్చుకునేది 300. ఇంటి మీటరు లెక్కపెట్టేది 300ను. తెర 270ని చూపుతూ ఉంటే, దానితో బిల్లు లెక్క వేసుకున్నవారు ప్రతి నెలా తక్కువగా అంచనా వేసుకుంటారు. ‘ఇన్‌పుట్, అవుట్‌పుట్’ అని రాసి వదిలేయకండి, ‘ఇచ్చిపుచ్చుకోవడం’ మన దగ్గరే ఉంది.

*స్పందన 6 (ప్రశ్న అడిగినవారు)*

అమ్మా, పత్రం మొత్తం మళ్లీ వెతికాను. మూలంలో ఎక్కడా ఆ సంగతి లేదు. తయారీదారులకు ఇప్పుడే రాశాను. ‘తెర మీది అంకె, ఎస్‌ఎంపీఎస్ గోడ నుంచి’ అన్నంతవరకు రాసి, ఆ వాక్యాన్ని అక్కడే ఆపి ఉంచాను.