పదిహేనేళ్ళు ఆడిన అన్న క్లబ్బు మారుతున్నాడు, ఎన్ఓసీ (వెళ్ళడానికి అభ్యంతరం లేదని క్లబ్బు ఇచ్చే లెటర్) ఆపడం న్యాయమేనా?

పటమట ఓపెనర్:
మాది విజయవాడలో పాత క్రికెట్ క్లబ్బు, లీగ్ మ్యాచ్‌లు ఆడతాం. మా లెఫ్టార్మ్ స్పిన్నర్ అన్న స్కూల్లో ఉండగా చేరాడు, పదిహేనేళ్ళకు పైగా మా క్లబ్బుకి తప్ప ఇంకెవరికీ ఆడలేదు. ఇప్పుడు గుంటూరు నుంచి ఒక టీమ్ వాళ్ళు పిలిస్తే వెళ్తానన్నాడు. అప్పటి నుంచి మా వాట్సాప్ గ్రూపులో ఒకటే గోల, తిన్నింటి వాసాలు లెక్కపెట్టాడని కూడా ఒకరు రాశారు, చదివి నాకు ఒళ్ళు మండిపోయింది. ఆదివారం మ్యాచ్ ఉంటే అందరికంటే ముందొచ్చి మ్యాట్ పరిచి, మడతలు లేకుండా లాగి మేకులు కొట్టేది ఆయనే. జూనియర్ల బ్యాట్ గ్రిప్ చిరిగితే పాతది కోసేసి, హ్యాండిల్ మీద దారం సరిచూసి, తన కిట్‌లో ఉన్న కోన్‌తో కొత్తది ఎక్కించి ఇచ్చేవాడు, డబ్బులిస్తే తీసుకునేవాడు కాదు. అలాంటి మనిషిని పోయిన సీజన్‌లో కుర్రాళ్ళకి ఛాన్స్ ఇవ్వాలంటూ సగం మ్యాచ్‌లు బయట కూర్చోబెట్టారు. ఆడిన వాటిలోనూ ఒకటి రెండు ఓవర్లు వేయించి తీసేశారు. ఇప్పుడు వెళ్తానంటే కమిటీలో కొందరు ఎన్ఓసీ ఆపేద్దాం అంటున్నారు. రిజిస్ట్రేషన్ గడువు దగ్గర పడింది. టీమ్‌మేట్‌గా నేనేం చేయగలను?

బ్రాడీపేట కీపర్:
నేను గుంటూరు వాడినే, ఆయన ఇటొస్తే మాకు లాభమే, ఆ సంగతి పక్కన పెట్టి చెప్తున్నా. క్రికెటర్ అంబటి రాయుడుది మా గుంటూరే. హైదరాబాద్‌కి ఆడాడు, ఆంధ్రాకి ఆడాడు, మళ్ళీ హైదరాబాద్ వెళ్ళి 2010లో బరోడాకి మారాడు. అక్కడ ఆడుతుండగానే 2013లో జింబాబ్వేలో ఇండియాకి మొదటి వన్డే ఆడి అర్ధ సెంచరీ చేశాడు. మారకుండా ఉంటే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు కానీ, బౌలర్‌కి చేతిలో బంతి ఉండాలి తమ్ముడూ, బెంచ్ మీద కూర్చుంటే బంతిని గాల్లో తేల్చే ఫ్లైట్ పోతుంది, సరైన చోట పడేసే లెంగ్త్ పోతుంది, ఆ తర్వాత ఎంత అభిమానం ఉన్నా పనికిరాదు.

పాత సెక్రటరీ:
నేను క్లబ్బు నడిపినవాడిని కాబట్టి రెండో వైపు కూడా చెప్తాను. బంతులు, మ్యాట్, అంపైర్ల ఫీజు, బయట గ్రౌండ్‌కి వెళ్తే ఆటో ఖర్చు, ఇవన్నీ చందాల మీదే నడుస్తాయి. సీనియర్ వెళ్ళిపోతే ఆయన్ని చూసి చందా ఇచ్చేవాళ్ళు కూడా తగ్గుతారు, కమిటీ భయం అదే. అయినా ఎన్ఓసీ ఆపడం తప్పు. మ్యాచ్‌లు మొదలయ్యాక మధ్యలో వదిలేసి పోతే అడగొచ్చు, సీజన్‌కి ముందు అడిగినవాడిని ఆపితే అటూ ఇటూ కాకుండా ఆయన ఏడాది పోతుంది. ఆయన రాతపూర్వకంగా అడగాలి, ఒక కాపీ తన దగ్గర పెట్టుకోవాలి. చందా బాకీ ఏమైనా ఉంటే ముందే కట్టేసి రసీదు తీసుకోమనండి, చాలాచోట్ల అక్కడే మెలిక పెడతారు. అన్నట్టు, ఆయన కెప్టెన్‌తో ముందు మాట్లాడాడా? గ్రూపులో చూసి తెలుసుకుంటే ఎవరికైనా మనసు నొచ్చుకుంటుంది.

పటమట ఓపెనర్:
మాట్లాడాడు సార్. ముందు కెప్టెన్ ఇంటికెళ్ళి చెప్పాకే బయట చెప్పాడు. కిట్ రూమ్ తాళాలు కూడా ఆ రోజే ఇచ్చేశాడు.

మూలపాడు స్వింగ్:
అయితే ఇంక ఆయన వైపు లోటేముంది? బ్యాటర్ వసీం జాఫర్‌ని చూడండి. ముంబైకి ఏళ్ళ తరబడి ఆడి, కెప్టెన్సీ కూడా చేసి 2015లో విదర్భకి వెళ్ళాడు. విదర్భ 2017-18లో మొదటిసారి రంజీ ట్రోఫీ గెలిచింది, మరుసటి సీజన్‌లో మళ్ళీ గెలిచింది, ఆ రెండో సీజన్‌లో నలభై ఏళ్ళ వయసులో జాఫర్ వెయ్యికి పైగా పరుగులు చేశాడు. అక్కడికి వెళ్ళాడని ముంబైకి చేసిన పరుగులు ఎక్కడికీ పోలేదు కదా. మీ క్లబ్బులో ఈ అన్న దగ్గర గ్రిప్ వేయించుకున్న కుర్రాళ్ళంతా కలిసి కమిటీ ముందు కూర్చోండి. ఒక్కడివే వెళ్తే నీ మీద పడతారు. గ్రూపులో మాత్రం తిట్టుకోవద్దు, స్క్రీన్‌షాట్లు గంటలో గుంటూరు చేరతాయి.

పటమట ఓపెనర్:
థాంక్స్ అన్నలూ. లెటర్ రాస్తున్నాం, ఇప్పటికి నలుగురు సంతకం పెడతామన్నారు, ఇద్దరు ఇంట్లో అడిగి చెప్తామన్నారు. బాకీ సంగతి రేపు ట్రెజరర్‌ని అడుగుతా. ఉంటే మేమే తలా కొంత వేసుకుని కట్టేస్తాం, అన్నకి చెప్పకుండా.